కర్చీఫు వేసిన కంప్యూటర్లు

మా వరి పరిశోధనా కేంద్రంలో నలభై కంప్యూటర్లున్నాయి. మొన్న జూలై దాకా అవి పని చేసేవి.

అలా పని చేయడంలో పెద్ద గొప్పేమీ లేదు. ఆరు విభాగాల్లో, ఆరు రకాల బల్లల మీద, ఎవరికి ఎప్పుడు మంజూరైతే అప్పుడు కొన్న యంత్రాలవి. విడిగా చూస్తే ఒక్కొక్కటీ ఉత్తరాలు టైపు చేసుకోవడానికి తప్ప ఎందుకూ చాలదు. వాటన్నిటినీ తీగలతో కలిపి, పెద్ద లెక్కని ముక్కలు చేసి నలభైకీ పంచి, వచ్చిన జవాబులు తెచ్చి ఒకచోట అతికించే ఏర్పాటు చేసింది మేరీ సుగుణ గారు. ఆవిడ మా కంప్యూటర్ ఆపరేటరు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఒక గళ్ల నోటుపుస్తకం, ఒక టెలిఫోను, ఇదీ ఆవిడ సరంజామా. ఎవరికి లెక్క పడినా ఆవిడకి ఫోను చేసేవాళ్లం.

"సార్, నేలల వాళ్లది పదకొండింటికి అయిపోతుంది. అవగానే మీది ఎక్కిస్తాను. ఈలోగా టీ తాగి రండి," అనేవారు. మేం టీ తాగి వచ్చేవాళ్లం. లెక్క ఎక్కి ఉండేది.

నా పేరు పాండురంగం. కీటకాల విభాగం నాది. నా లెక్క శుక్రవారం లెక్క. అరవై గ్రామాల్లో పెట్టిన దీపపు ఎరల్లో ఎన్ని సుడిదోమలు పడ్డాయో, గాలి ఎటు వీచిందో, చేలల్లో తేమ ఎంతుందో అన్నీ కలిపి నలభై కంప్యూటర్ల మీద నాలుగు గంటలు నడిపిస్తే, వచ్చే వారం ఏ ఊళ్లో దోమ విరుచుకుపడుతుందో తేలుతుంది. ఆ కబురు ఫోన్లో రైతులకి చెబుతాం. సుడిదోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేస్తే పచ్చటి చేను సుడులు సుడులుగా మాడిపోతుంది. ముందు తెలిస్తే నీళ్లు తీసేసి చేను ఆరబెట్టుకుంటారు. తెలియకపోతే అంతే సంగతులు.

జూలైలో మా డైరెక్టరు చిదంబరం గారు ఒక కొండమీది ఊళ్లో అయిదు రోజుల సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లిన ప్రతిచోటినుంచీ ఆయన ఒక శాలువా, ఒక సంచీ తెస్తారు. ఈసారి వాటితోపాటు ఒక నమ్మకం కూడా తెచ్చారు. మర్నాడే అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా! పద్దెనిమిదేళ్లుగా ఈ సంస్థలో గణన వనరుల కేటాయింపు ఒక వ్యక్తి విచక్షణ మీద, ఒక గళ్ల పుస్తకం మీద ఆధారపడి నడిచింది. ఇది భూస్వామ్య పద్ధతి. నేటినుంచి మన ప్రతి కంప్యూటరూ ఒక స్వేచ్ఛా విక్రేత. మన ప్రతి లెక్కా ఒక వివేకవంతమైన కొనుగోలుదారు. ఇరువురి నడుమా సమతౌల్యం దానంతటదే నెలకొంటుంది. అందుకు మనం చేయవలసిందల్లా అడ్డు తప్పుకోవడమే!"

సుగుణ గారు చెయ్యెత్తారు. "సార్, ఇప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు కదండీ."

"సమస్య అక్కడే ఉందమ్మా," అన్నారు చిదంబరం గారు జాలిగా. "ఇబ్బంది లేనిచోట ధర తెలియదు. ధర తెలియనిచోట విలువ తెలియదు."

దాంతో కంప్యూటర్ల బజారు మొదలైంది. విభాగానికి నెలకి ఇన్ని అని బిందువులు ఇచ్చారు. పది నిమిషాలకోసారి ఖాళీగా ఉన్న ప్రతి కంప్యూటరూ తనని తానే వేలం వేసుకుంటుంది. ఎవరు ఎక్కువ బిందువులు పాడితే వారి లెక్క ఎక్కించుకుంటుంది. అంతా యంత్రాలే చూసుకుంటాయి గానీ, వేలం అన్నాక సుత్తి లేకపోతే బాగుండదని టెండరు పిలిచి ఒక చెక్క సుత్తి కొన్నారు. సుగుణ గారి గళ్ల పుస్తకం స్వాధీనం చేసుకుని ఆ సుత్తి ఆవిడ చేతికిచ్చారు. పది నిమిషాలకోసారి బల్ల మీద మూడు దెబ్బలు కొట్టడం ఆవిడ ఉద్యోగం. స్టోర్సు చూసే లోకనాథం గారు విపణి అధికారి అయ్యారు. పదవి వచ్చిన గంటలో ఆయన భాష మారిపోయింది. టీ కావాలంటే "టీకి గిరాకీ ఉంది" అనేవారు.

మొదటి నెల, నా శుక్రవారం లెక్కకి తప్ప, ఎవరూ ఏమీ కొనలేదు. బిందువులంటే అందరికీ ప్రాణం లేచొచ్చింది, బీరువాలో దాచుకున్నట్టు దాచుకున్నారు. నెలాఖరున మిగిలినవి రద్దవుతాయని సర్క్యులరు వచ్చేసరికి, మార్చి నెలలో గ్రాంటు ఖర్చు పెట్టినట్టు, అందరూ ఒక్కరోజే ఎగబడి కొన్నారు. ఏ లెక్కా లేనివాళ్లు పాత లెక్కలే మళ్లీ చేయించారు. ధరలు పెరిగాయని చిదంబరం గారు సంతోషించారు.

అప్పుడు రంగంలోకి దిగారు వీరభద్రయ్య గారు. విత్తనాల విభాగం అధిపతి. ఇరవై ఆరేళ్లుగా రోజూ నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చిపోయే మనిషి. బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే దానివెంట పరిగెత్తి, కిటికీలోంచి కర్చీఫు సరిగ్గా సీటు మధ్యలో పడేయడంలో ఆయనకి జిల్లాలో సాటి లేదు. ఆయన ఆ బజారు నిబంధనలు చదువుతూ చదువుతూ ఏడో నిబంధన దగ్గర ఆగిపోయారు. "నడుస్తున్న లెక్కను మధ్యలో దించరాదు. అది నడిచినంత కాలం కనీస ధర మాత్రమే వర్తించును."

ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్ల విభాగంలో కంప్యూటరు తెలిసినవాణ్ణి పిలిచి ఒక ప్రోగ్రాం రాయించారు. అది ఒకటి నుంచి పది లక్షల దాకా లెక్కపెడుతుంది, మళ్లీ ఒకటికి వస్తుంది. అంతకుమించి దానికి ఏ పనీ లేదు. దానికి కర్చీఫు అని పేరు పెట్టి, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, ధర నేలమీద ఉన్నప్పుడు, పదకొండు కంప్యూటర్ల మీద వేశారు.

"మనకి పనున్నప్పుడు తీసేసి కూర్చుంటాం కదండీ, తప్పేముంది?" అన్నారు నాతో.

తప్పేముందో నాకూ తోచలేదు. మా అందరిదీ బస్సుల్లో పెరిగిన ప్రాణమే. వారం తిరిగేసరికి ఆరు విభాగాలూ కర్చీఫులు వేశాయి. నేను తేరుకునేసరికి రెండు కంప్యూటర్లే మిగిలితే వాటి మీద నేనూ వేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

విపణి గదిలో గోడకి ఒక బోర్డుంది. పని చేస్తున్న ప్రతి కంప్యూటరుకీ అందులో ఎర్ర దీపం వెలుగుతుంది. ఆగస్టు చివరికి నలభై దీపాలూ వెలిగాయి. వెలిగి ఆరలేదు. సుగుణ గారి హయాములో, నా శుక్రవారం లెక్కప్పుడు తప్ప, ఏనాడూ సగానికి మించి వెలిగేవి కావు. చిదంబరం గారు బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి చాలాసేపు చూశారు. "వనరుల వినియోగం నూటికి నూరుపాళ్లు!" అని స్టాఫుకి జాంగ్రీలు పంచారు.

కర్చీఫుల సంగతి తెలిశాక కూడా ఆయన తొణకలేదు. విపణి పరిణతికి అది చిహ్నమని చెప్పి ఉత్తర్వు జారీ చేశారు. ఆ ఉత్తర్వులో కర్చీఫు పేరు "ముందస్తు ఆసక్తి వ్యక్తీకరణ సాధనం". వాటికి రిజిస్టరు పెట్టారు, నెంబర్లు ఇచ్చారు, ఒకరిది ఇంకొకరికి అద్దెకివ్వచ్చు, అమ్మచ్చు అన్నారు. నేలల విభాగం తన నాలుగు కర్చీఫుల్నీ వరి వంగడాల వాళ్లకి అమ్మేసింది. వంగడాల వాళ్లకి వాటితో పనిలేదు, ధర పెరుగుతుందని కొన్నారు. కొనడానికి ఉన్న బిందువులన్నీ ఊడ్చి పెట్టేశారు కాబట్టి, అసలు లెక్కలు వరండాలో కూర్చుని వేళ్లమీద చేసుకున్నారు. ఇంకొకాయన, కర్చీఫు ఎప్పుడు లేస్తుందా అని పక్కనే కాచుకుని ఉండే ప్రోగ్రాం కనిపెట్టాడు. దాన్ని తువ్వాలు అన్నారు. కర్చీఫు మీద తువ్వాలు వేసే హక్కుకి కూడా వేలం పెట్టారు. సుగుణ గారి సుత్తి పిడి ఊడిపోతే మళ్లీ టెండరు పిలిచారు.

ఇన్ని కర్చీఫుల్ని కనిపెట్టుకుని ఉండటానికి లోకనాథం గారి కింద తనిఖీ శాఖ ఏర్పడింది. తనిఖీకి కంప్యూటర్లు కావాలి కాబట్టి ఆ శాఖ నాలుగింటి మీది పాత కర్చీఫులు కొని, వాటి చోట తనవి వేసింది. అక్టోబరు మొదట్లో వాళ్లకి ఒక పెద్ద నేరం దొరికింది. వాతావరణ విభాగంలో ఒక కుర్ర శాస్త్రవేత్త తన కర్చీఫులో గుట్టుగా వర్షపాతం సగటులు కట్టుకుంటున్నాడు. కర్చీఫు పని చేస్తూ పట్టుబడింది. "నిరుపయోగ సాధనాన్ని ఉపయోగించుటద్వారా విపణి విశ్వాసమును దెబ్బతీసినందుకు" అతనికి మెమో ఇచ్చారు.

ఇదంతా చెబుతుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో నాకు నవ్వు రాలేదు. సెప్టెంబరు దాకా వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, బిందువులన్నీ ధారపోసి, శుక్రవారం లెక్క ఎలాగో గట్టెక్కించాను. ఆ తర్వాత అద్దెలు చుక్కలనంటాయి. వరసగా రెండు శుక్రవారాలు లెక్క కాలేదు. కొవ్వూరుపాలెం నుంచి చిట్టెమ్మ ఎప్పటిలాగే ఒంటిగంటకి ఫోను చేసింది. మూడెకరాలు కౌలుకి చేస్తుంది. మొగుడు పోయాక సాగంతా ఆవిడదే. "ఈ వారం కబురు లేదమ్మా," అంటే, "ఏం బాబూ, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో గురువారం లోకనాథం గారి దగ్గరికెళ్లాను. దీపపు ఎరల్లో దోమ రెట్టింపైంది, ఈ వారం లెక్క తప్పనిసరి, ఒక్క నాలుగు గంటలు ఇప్పించండి అన్నాను.

"పాండురంగం గారూ, మీ లెక్కకి నిజంగా విలువ ఉందనుకోండి. అప్పుడు మీ దగ్గర బిందువులుండేవి. ఉన్నాయా?"

"లేవండి."

"చూశారా. విలువ లేదని విపణి తేల్చేసింది. విపణికి నేనెవర్ని అడ్డం చెప్పడానికి?" అని ఆయన టీకి గిరాకీ ఉందని కేకేశారు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా చిట్టెమ్మ బస్సు దిగి నేరుగా మా ఆఫీసుకి వచ్చేసింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో వేళ్లతో సహా పీకిన రెండు వరి దుబ్బులు. దుబ్బుల మొదట్లో గోధుమరంగు దోమలు కొన్ని అంటుకుని ఉన్నాయి. ఉధృతంగా లేవు, అలాగని లేకా పోలేదు.

"రేపు పొద్దున్న కాలవ కట్టేత్తారండి. మళ్లీ పన్నెండు రోజులకి గానీ నీళ్లు రావు," అంది. "చేను పాలు పోసుకుంటంది. ఇప్పుడు నీళ్లు తీసేశాక దోమ రాలేదనుకోండి, సగం గింజ ఉత్తినే తాలయిపోద్ది. నీళ్లుంచాక వచ్చిందనుకోండి, చేనే మాడిపోద్ది. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి బాబూ. మీరు చెప్తే చేత్తాను."

ఇరవయ్యేళ్లుగా నేను చేసే ఉద్యోగం ఈ ఒక్క మాట చెప్పడానికే. చెప్పలేనంటే నమ్మదని, ఆవిణ్ణి విపణి గదికి తీసుకెళ్లి బోర్డు చూపించాను. డైరెక్టరు గారు ఆ రోజు ఊళ్లో లేరు. మా బజారు విజయం గురించి ప్రసంగించడానికి వెళ్లారు.

"ఈ ఎర్రదీపాలన్నీ ఏంటండి?" అంది చిట్టెమ్మ.

సుగుణ గారు సుత్తి పక్కన పెట్టి చెప్పారు. "అన్నిటి మీదా కర్చీఫులేశారమ్మా. ఖాళీ లేదు."

"ఏసినోళ్లు ఏరీ?"

"ఎవరికీ పని లేదమ్మా. ఊరికే వేసి ఉంచారు."

చిట్టెమ్మ దీపాల వైపు వేలు చూపించింది. "బస్సు కదిలిందాండి?"

"కదిలి రెండు నెలలైంది," అన్నారు సుగుణ గారు.

"మరింకేంటండీ! బస్సు కదిలేదాకానే కదా కర్చీఫు. ఏసినోడు ఎక్కకపోతే తీసి పక్కనెట్టి కూచుంటాం. మా ఊరి బస్సులో పసిపిల్లోడికి కూడా తెలుసు."

సుగుణ గారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఆరు విభాగాల్లో పదిహేనుమంది పీహెచ్‌డీలున్నాం. ఇన్ని సర్క్యులర్లు చదివాం. ఈ ముక్క ఒక్కరికీ గుర్తు రాలేదు.

ముందు విత్తనాల విభాగానికి వెళ్లాం. చిట్టెమ్మ కొంగు దోపుకుని, బస్సులో అడిగినట్టే గట్టిగా అడిగింది. "ఈ పదకొండు కర్చీఫులూ ఎవరియండీ? మనిషి ఎక్కాడా?"

వీరభద్రయ్య గారు అలవాటు కొద్దీ ఉలిక్కిపడి లేచారు. "నావేనమ్మా."

"మీ మనిషేడండి?"

ఆయన అటూ ఇటూ చూశారు. ఏడో నిబంధన చదివి వినిపించచ్చు. ఉత్తర్వు చూపించచ్చు. కానీ ఇరవై ఆరేళ్ల బస్సు ప్రయాణంలో ఆయన పాటించిన ధర్మం ఒకటుంది, దాన్ని తప్పితే ఆయన రేపు ఏ బస్సూ ఎక్కలేరు. "ఎక్కలేదమ్మా," అన్నారు మెల్లిగా. తన చేత్తోనే పదకొండూ తీసేశారు.

ఆయన తీశాక మిగతావాళ్లకి దారి దొరికింది. నేలల వాళ్లు, వంగడాల వాళ్లు, అందరూ కర్చీఫులు తీశారు. మెమో అందుకున్న వాతావరణం కుర్రాడు అయితే మేం గుమ్మంలో ఉండగానే తీసేసి, తువ్వాళ్లు కూడా దులిపేశాడు. చివరికి లోకనాథం గారి నాలుగు మిగిలాయి.

"మీవెందుకు బాబూ?" అంది చిట్టెమ్మ.

"తనిఖీకి."

"ఏం తనిఖీ చేత్తారండి?"

"కర్చీఫులు సక్రమంగా ఉన్నాయో లేదో."

"అవన్నీ తీసేశారు కదండీ."

లోకనాథం గారు రిజిస్టరు ముందుకి లాక్కున్నారు. "లేవని కూడా తనిఖీ చెయ్యాలి కదమ్మా," అన్నారు.

ఆ నాలుగూ ఆయనకే వదిలేశాం. సుగుణ గారు కుర్చీ ముందుకి లాక్కుని, గళ్ల పుస్తకం లేకపోయినా మనసులోనే పంచుకుని, తొమ్మిదిన్నరకి నా లెక్కని ముప్ఫై ఆరు ముక్కలు చేసి ఎక్కించారు. "మీరు టీ తాగి రండి సార్," అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్లైందో!

ఎవరూ పాడనక్కర్లేకపోయేసరికి గోడమీది బోర్డులో ధర పడిపోవడం మొదలైంది. పదింటికి సగమైంది, పదిన్నరకి సున్నా అయింది. లోకనాథం గారు డైరెక్టరు గారికి ఫోను చేసి విపణి కుప్పకూలిందని చెప్పారు. సుత్తి ఎవరూ కొట్టడం లేదని కూడా చెప్పారు. చిదంబరం గారు అప్పుడు వేదిక మీదున్నారట, మంచినీళ్లు అడిగారట.

రెండు గంటలకి జవాబు వచ్చింది. మంగళవారం నుంచి దోమ విరుచుకుపడుతుంది, పద్నాలుగు ఊళ్లలో. వాటిలో కొవ్వూరుపాలెం ఉంది.

"నీళ్లు తీసెయ్యి చిట్టెమ్మా. ఈ సాయంత్రమే," అన్నాను. ఆవిడ కవరు అక్కడే పడేసి రెండుంపావు బస్సుకి పరిగెత్తింది. మిగతా పదమూడు ఊళ్లకీ నేను, సుగుణ గారు, వీరభద్రయ్య గారు పంచుకుని ఫోన్లు చేశాం.

దోమ మంగళవారం వచ్చింది. ఆ పై శుక్రవారం ఒంటిగంటకి చిట్టెమ్మ ఫోను చేసింది. "ఈశాన్యం మూల కాత్త పోయిందండి. మిగతా చేనంతా నిలబడింది. మావూళ్లో చాలామంది తీసేశారండి నీళ్లు, మీ పేరు చెప్పి," అంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో అంత సంతోషపెట్టిన ఫోను ఇంకొకటి లేదు.

అదే రోజు నాకు మెమో కూడా వచ్చింది. "విపణి ప్రమేయము లేకుండా, ఎట్టి బిందువులూ చెల్లించక, ముప్ఫై ఆరు కంప్యూటర్లచే పని చేయించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడు." నేను చేసింది తప్పేనని, కంప్యూటర్లు కూడా అడ్డు చెప్పలేదని రాసిచ్చాను. నా జవాబు పరిశీలనలో ఉంది. కర్చీఫులన్నీ సోమవారానికే మళ్లీ పడ్డాయి.

అక్టోబరు ఆఖరున మా బజారుకి ఏదో పురస్కారం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి పెద్ద ఊరినుంచి మూల్యాంకన సంఘం వచ్చింది. చిదంబరం గారు తెర మీద గ్రాఫు చూపించారు. జూలై నుంచి ధరల గీత ఎక్కడా వెనుదిరగకుండా పైకి ఎగబాకుతోంది. సంఘం వారు మెచ్చుకుంటూ చూశారు. ఒక్కచోట మాత్రం ఆ గీత నిట్టనిలువునా జారి సున్నాలో పడి, కాసేపు అక్కడే పాకి, మళ్లీ లేచింది. సంఘం అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకుని, "ఇక్కడేమైంది?" అని అడిగారు.

చిదంబరం గారు తల దించుకున్నారు. "ఆ నాలుగున్నర గంటలూ, దురదృష్టవశాత్తూ, పని జరిగిందండి."

సంఘం వారు సానుభూతిగా తలలూపారు. ఇలాంటిది మళ్లీ జరగకుండా గట్టి ఏర్పాటు చేస్తే పురస్కారానికి అభ్యంతరం లేదన్నారు. చేస్తామన్నారు చిదంబరం గారు. ఆ బాధ్యత ఎవరు చూస్తారని వాళ్లు అడిగితే, అనుభవం ఉన్నవాణ్ణి అనేమో, నన్ను చూపించారు. నేను లేచి నిలబడి, శుక్రవారాల మీద ప్రత్యేకంగా దృష్టి పెడతానని మాటిచ్చాను. ఈసారి శుక్రవారం ఒక బస్సు ముందే రమ్మని చిట్టెమ్మకి నిన్ననే ఫోను చేసి చెప్పాను.